గడ్డ వచ్చింది సరే, మనిషి?

మెదడు యాంజియోగ్రామ్ బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంతటి అనుమానపు పక్షి అయినా మారు మాట్లాడడు. మొదటి బొమ్మలో మెడ మీదుగా పైకెక్కిన పెద్ద ధమని ఒకచోట హఠాత్తుగా ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అవతల రక్తం జాడ లేదు. రెండో బొమ్మ కాసేపటి తర్వాత తీసింది. అదే ధమని కొమ్మలతో, రెమ్మలతో నిండుగా కనిపిస్తుంది. పక్కన ట్రేలో, తడి గాజుగుడ్డ మీద, లోపలి నుంచి లాగిన ముదురెర్రటి రక్తపు గడ్డ. అడ్డు కళ్లముందే తొలగింది. ఇంకా పరీక్ష ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వైద్యులకు పదేళ్లు పట్టింది. గడ్డను లాగే మొదటి పరికరానికి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. లాగడం వల్ల రోగికి నిజంగా మేలు జరుగుతుందని గట్టిగా తేలింది 2014 చివర్లో. ఆ పదేళ్లలో ప్రపంచమంతటా వేల మంది మెదళ్లలోకి తీగలు దూర్చారు, గడ్డలు లాగారు, బొమ్మలు చూసి సంతోషపడ్డారు. లాగకుండా వదిలేసి ఉంటే ఆ రోగులు ఎలా ఉండేవారో మాత్రం వాళ్లకు తెలియదు.

ముందు గడ్డ చేసే పనేమిటో చూద్దాం. స్ట్రోకుల్లో అధిక భాగం రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేవే. గుండెలోనో మెడ ధమనిలోనో పుట్టిన గడ్డ కొట్టుకొచ్చి మెదడు ధమనిలో ఇరుక్కుంటుంది. చిన్న కొమ్మలో ఇరుక్కుంటే నష్టమూ చిన్నదే కావచ్చు. మిడిల్ సెరిబ్రల్ ధమని మొదట్లోనే ఇరుక్కుంటే ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోతాయి, ఎడమవైపు మెదడైతే చాలామందికి మాట కూడా పోతుంది. ఆ ధమని వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. అలాంటి పెద్ద స్ట్రోకులో నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని లాస్ ఏంజెలెస్‌లోని న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు.

గడ్డను కరిగించే మందు అంతకుముందే వచ్చింది. 624 మంది రోగుల మీద జరిగిన అమెరికా ప్రయోగం, 3 గంటల్లోపు టీపీఏ ఇంజెక్షన్ ఇస్తే వైకల్యం తగ్గుతుందని 1995లో చూపించింది. తర్వాత ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. మందు మంచిదే. కానీ పెద్ద గడ్డల ముందు దాని బలం చాలదు. 8 మిల్లీమీటర్లకన్నా పొడవైన గడ్డ ఈ ఇంజెక్షన్‌తో కరగడం దాదాపు అసాధ్యమని జర్మనీలోని కీల్ పరిశోధకులు 2011లో కొలిచి చెప్పారు. కరగకపోతే లాగాలి. ఆలోచన అంత సూటిగా ఉంది.

లాగే మొదటి పరికరం పేరు మెర్సీ. చివర స్ప్రింగులా మెలికలు తిరిగిన సన్నటి తీగ. తొడ మొదట్లోని ధమనిలోంచి ఎక్కించి, గడ్డ దాటాక మెలికలు విచ్చుకోనిచ్చి, వాటిలో గడ్డను చిక్కించుకుని వెనక్కి లాగాలి. దాన్ని 141 మంది మీద వాడి చూశారు. అందరికీ అదే చికిత్స, పోల్చడానికి రెండో జట్టు లేదు. 48 శాతం మందిలో ధమని తెరుచుకుంది. అంతకుముందు మరో మందు మీద జరిగిన ప్రయోగంలో ఆ మందు అందని రోగుల్లో 18 శాతం మందికే తెరుచుకుంది కాబట్టి ఇది మెరుగన్నారు. ఆ పోలిక మీదే 2004లో అనుమతి వచ్చింది. అనుమతి దేనికో జాగ్రత్తగా చదవాలి: రక్తనాళంలోంచి గడ్డ తీయడానికి. స్ట్రోకు చికిత్సకు అని అందులో లేదు.

మెర్సీ ఫలితాల్లో ఒక జత అంకెలు అప్పట్లో అందరినీ ఆకట్టుకున్నాయి. ధమని తెరుచుకున్నవాళ్లలో 46 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. తెరుచుకోనివాళ్లలో 10 శాతం మందే. ఇంత తేడా చూశాక పరికరం పనిచేస్తోందనే అనిపిస్తుంది. నేనూ రోగి బంధువునైతే ఆ అంకెకే సంతకం పెట్టేవాణ్ణి. కానీ ఎవరి గడ్డ సులువుగా వస్తుంది? రక్తనాళాలు వంకర్లు తిరగని, వయసు తక్కువ, గడ్డ మెత్తగా ఉన్న మనిషిది. ఆ మనిషి ఏ పరికరం లేకపోయినా మిగతావాళ్లకన్నా బాగా కోలుకునేవాడేమో! పరికరం గెలిచిందా, గెలిచే రోగిని పరికరం ఎంచుకుందా అన్నది ఆ అంకెలు చెప్పవు. 2005లో కైరా బెకర్, థామస్ బ్రాట్ అనే ఇద్దరు స్ట్రోక్ నిపుణులు ఈ అనుమతిని విమర్శిస్తూ గట్టిగా రాశారు. వాళ్ల మాట వినేవాళ్లు తక్కువ.

తర్వాత పెనంబ్రా వచ్చింది. ఇది గడ్డను పీల్చుకునే గొట్టం. 125 మంది మీద చేసిన ప్రయోగంలో దాదాపు 82 శాతం ధమనులు తెరుచుకున్నాయి. మెర్సీతో పోలిస్తే ఘనవిజయం. మూడు నెలల తర్వాత సొంత పనులు చేసుకోగలిగినవాళ్లు మాత్రం 25 శాతం. నూటికి 82 దారులు తెరిస్తే పాతికమంది నిలబడ్డారు. మిగతావాళ్ల దారి తెరుచుకునేసరికి దాని అవతల బతికున్న మెదడు మిగల్లేదు.

కాలువ పూడిపోయినా పక్క బోదెల్లోంచి జారే తడితో చేను కొన్నాళ్లు వాడుతూ నిలబడుతుంది, కొంత భాగం మాత్రం మొదటి రోజే ఎండిపోతుంది. మెదడులోనూ అంతే. గడ్డకు అవతల కొంత భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం ఇరుగుపొరుగు రక్తనాళాల దయతో గంటలపాటు ప్రాణం బిగపట్టుకుని ఉంటుంది. గడ్డ తీయడం వల్ల లాభం ఆ రెండో భాగానికే. అది ఎంత మిగిలిందో చూడకుండా, ఎంత సేపు ఆగుతుందో లెక్కించకుండా పరికరాన్ని పరీక్షిస్తే, మనం పరీక్షిస్తున్నది పరికరాన్నో రోగి అదృష్టాన్నో తెలియదు.

2013 ఫిబ్రవరిలో హొనొలులులో అంతర్జాతీయ స్ట్రోక్ సదస్సు జరిగింది. రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి చేసిన మూడు ప్రయోగాల ఫలితాలు అక్కడ ఒకేసారి బయటపడ్డాయి. మూడూ చేదే. అన్నిటికన్నా పెద్దదైన ఐఎంఎస్-3లో 656 మంది. తీగలతో చికిత్స కూడా అందినవాళ్లలో 40.8 శాతం, ఇంజెక్షన్ ఒక్కటే అందినవాళ్లలో 38.7 శాతం కోలుకున్నారు. ఇక తేడా రాదని మధ్యలోనే ఆపేశారు. ఇటలీలో జరిగిన సింథసిస్‌లో ఇంజెక్షన్ జట్టే కాస్త మెరుగ్గా ఉంది. ఎంఆర్ రెస్క్యూలో, వైకల్యాన్ని సున్నా నుంచి 6 దాకా కొలిచే కొలబద్ద మీద, రెండు జట్ల సగటు ఒక్కటే, 3.9.

గడ్డలు లాగే వైద్యులకు ఇది పిడుగుపాటు. బీమా సంస్థలు ఇక డబ్బు ఇవ్వకపోవచ్చన్న భయం పట్టుకుంది. ప్రయోగాల్లో లోపాలు వెతికారు, దొరికాయి కూడా. ఐఎంఎస్-3 మొదలైన 2006లో పెద్ద ధమని మూసుకుపోయిందో లేదో స్కాన్‌లో చూసి తీరాలన్న నియమం లేదు. తీరా తీగ ఎక్కించాక సుమారు ఐదో వంతు మందిలో తీయదగిన గడ్డే కనిపించలేదు. సింథసిస్‌లో తీగ జట్టుకు చికిత్స గంట ఆలస్యంగా మొదలైంది. వాడినవి ఎక్కువగా పాత పరికరాలు. ఈ సాకులన్నీ నిజాలే. అయితే ఫలితం నచ్చనప్పుడు మాత్రమే లోపాలు కనిపించడం వైద్యులకూ ఉన్న జబ్బే. మెర్సీ అంకెల్లో లోపాలు అప్పుడు ఎందుకు కనిపించలేదు?

ఈలోగా కొత్త పరికరం వచ్చేసింది. సోలిటేర్‌ను అసలు చేసింది గడ్డల కోసం కాదు. మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బినచోట చుట్టే తీగచుట్టలు జారిపోకుండా అడ్డుపెట్టే స్టెంట్ అది. అవసరమైతే మళ్లీ మడిచి వెనక్కి తీసేయవచ్చు. 2008లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో హాన్స్ హెంకెస్ దాన్ని గడ్డ లాగడానికి వాడాడు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ లోహంతో చేసిన వల అది. సన్నటి గొట్టంలో ముడుచుకుని గడ్డలోంచి అవతలికి వెళ్తుంది. గొట్టాన్ని వెనక్కి జరపగానే తనంత తానే విచ్చుకుంటుంది. వల కళ్లు గడ్డలోకి దిగబడటానికి కొన్ని నిమిషాలు ఆగుతారు. కింద మెడ ధమనిలో బుడగ ఉబ్బించి రక్తప్రవాహాన్ని కాసేపు ఆపి, పీలుస్తూ, వలను గడ్డతో సహా మెల్లగా లాగుతారు. 2012లో మెర్సీతో ముఖాముఖి పోటీ పెడితే సోలిటేర్ 61 శాతం, మెర్సీ 24 శాతం. పాత పరికరం పని అయిపోయింది.

కానీ సోలిటేర్ మెర్సీని ఓడించినంత మాత్రాన ఏమీ చేయకపోవడం కన్నా మేలని తేలదు. ఆ పోటీ పెట్టాలంటే సగం మంది రోగులకు గడ్డ లాగకుండా వదిలేయాలి. అక్కడే చిక్కు. లాగితే మంచిదని నమ్మే వైద్యుడు, పడిపోయిన భర్తను తీసుకొచ్చిన భార్యతో "కంప్యూటర్ చీటీ వేస్తాను, మీ పేరు వస్తేనే చేస్తాను" అని ఎలా అనగలడు? అమెరికాలో చాలామంది అనలేదు. బాగుపడతారనిపించిన రోగులకు ప్రయోగం బయటే గడ్డ తీసేశారు, బీమా డబ్బు ఇచ్చింది. ప్రయోగంలోకి మిగతావాళ్లు వచ్చారు. ఐఎంఎస్-3 ఏళ్లూ పూళ్లూ సాగడానికి ఇదొక కారణం.

నెదర్లాండ్స్‌లో ఈ చిక్కును విప్పింది చాలావరకు ప్రభుత్వ ఖజానా. మిస్టర్ క్లీన్ అనే ప్రయోగం 2010 డిసెంబర్‌లో మొదలైంది. 2013 నుంచి అక్కడ ఒక షరతు పెట్టారు: ఈ చికిత్సకు డబ్బు కావాలంటే రోగి ప్రయోగంలో చేరాలి, బయట చేస్తే చెల్లింపు లేదు. పరికరాన్ని నిషేధించలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. రుజువయ్యేదాకా డబ్బును రుజువుకే కట్టిపడేశారు. వైద్య విధానాల్లో నేను చూసిన తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి. దాంతో దేశంలో ఈ చికిత్స చేసే ఆస్పత్రులు, మొత్తం 16, ప్రయోగంలోకి వచ్చాయి. రోగుల్ని ఏరుకునే అవకాశం పోయింది. పెద్ద ధమని మూసుకుందని స్కాన్‌లో కనిపించాలన్న నియమం పెట్టారు. 6 గంటల్లోపు చికిత్స మొదలవాలి. వయసుకు పైపరిమితి లేదు, 96 ఏళ్లవాళ్లూ ఉన్నారు. గడ్డ తీసే జట్టుకు వచ్చినా రాకపోయినా, వీలైనవాళ్లందరికీ టీపీఏ అందింది.

ఫలితాన్ని కొలిచిన తీరు కూడా చెప్పుకోదగ్గది. గజ్జలో గాటు పడిందో లేదో రోగికి తెలుసు, వైద్యుడికి తెలుసు. మాత్రల ప్రయోగంలో చక్కెర బిళ్ల ఇచ్చినట్టు ఇక్కడ మభ్యపెట్టే వీల్లేదు. అందుకని కొలిచే మనిషికి తెలియకుండా చూశారు. మూడు నెలలయ్యాక శిక్షణ పొందిన ఉద్యోగి రోగికో ఇంట్లోవాళ్లకో ఫోన్ చేస్తారు. ఏ జట్టో ఆ మనిషికి తెలియదు. ధమని గురించి ఒక్క ప్రశ్న ఉండదు. నడుస్తున్నారా? స్నానం ఎవరు చేయిస్తున్నారు? ఇదివరకు చూసుకున్న లెక్కలూ డొక్కలూ ఇప్పుడూ చూసుకుంటున్నారా? జవాబుల్ని బట్టి సున్నా నుంచి 6 దాకా ఒక అంకె వేస్తారు. ఈ కొలబద్ద మూలం 1957లో గ్లాస్గో వైద్యుడు జాన్ రాంకిన్ రాసిన వ్యాసం. సున్నా అంటే ఏ లోపమూ లేదు. 2 అంటే కొంత లోటున్నా తన పనులు తాను చూసుకోగలరు. 4 అంటే మనిషి సాయం లేకుండా నడవలేరు. 5 అంటే మంచానికే పరిమితం. 6 మరణం. వైద్యశాస్త్రంలో ఇంత మొరటు కొలబద్ద ఇంకోటి ఉండకపోవచ్చు, కానీ రోగి అడిగే ప్రశ్నకు అదే దగ్గర.

500 మంది పూర్తయ్యారు. ఫలితాలు 2014 అక్టోబర్‌లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ స్ట్రోక్ సదస్సులో ప్రకటించారు. గడ్డ తీసిన జట్టులో 32.6 శాతం, తీయని జట్టులో 19.1 శాతం మంది తమ పనులు తాము చేసుకుంటున్నారు. మరణాల్లో తేడా లేదు. తీసిన జట్టులో 5.6 శాతం మందికి మూడు నెలల్లోపు మెదడులో వేరే చోట కొత్త స్ట్రోకు వచ్చింది, రెండో జట్టులో 0.4 శాతానికే. అంటే లాగేటప్పుడు ముక్కలు జారి ఇంకో కొమ్మలో పడటంలాంటి ప్రమాదాలు ఉత్తమాటలు కావు. అవన్నీ కలుపుకున్నాకే మేలు మిగిలింది.

ఆ తర్వాత జరిగినవి గొలుసుకట్టుగా జరిగాయి. ఇస్తాంబుల్ కబురు వినగానే ఇలాంటి ప్రయోగాలు నడుపుతున్న మిగతా దేశాలవాళ్లు తమ అంకెల్ని ముందుగానే తెరిచి చూసుకున్నారు. మన దేశం నుంచి వెళ్లిన రేడియాలజిస్టు మయాంక్ గోయల్, మైకేల్ హిల్ తదితరులు కెనడాలోని కాల్గరీ కేంద్రంగా నడిపిన ఎస్కేప్‌ను 316 మంది దగ్గర ఆపేశారు: గడ్డ తీసిన జట్టులో 53 శాతం, తీయని జట్టులో 29.3. మరణాలు కూడా 19 నుంచి 10.4 శాతానికి తగ్గాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల ఎక్స్‌టెండ్-ఐఏలో 70 మందే, 71 శాతానికి 40. ఎస్కేప్ రహస్యం వేగం: స్కాన్ నుంచి గజ్జలో సూది దిగేదాకా మధ్యస్థంగా 51 నిమిషాలు. మధ్యలో ఆపేసిన ప్రయోగాలు మేలును ఉన్నదానికన్నా పెద్దదిగా చూపిస్తాయని గుర్తుపెట్టుకోవాలి. అందుకే చివరిదాకా నడిచిన డచ్చివారి చిన్న తేడాను నేను ఎక్కువ నమ్ముతాను. ఏమైనా ఈ మూడూ, ఇలాంటివే మరో రెండూ, మొత్తం ఐదు ప్రయోగాల్లోని 1287 మందిని కలిపి చూస్తే 46 శాతానికి 26.5. ఒక మనిషి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గడానికి 2.6 మందికి చికిత్స చేస్తే చాలు. మందులకు ఇలాంటి అంకె రావడం అరుదు.

2016 సెప్టెంబర్‌లో అమెరికా నియంత్రణ సంస్థ ట్రెవో అనే, సోలిటేర్ తరహా స్టెంట్ రిట్రీవర్‌కు కొత్త మాటలతో అనుమతి ఇచ్చింది. ఈసారి వైకల్యం తగ్గించడానికి అని రాశారు.

ఈ రుజువు వచ్చాక కొత్త పరికరాన్ని పరీక్షించే పద్ధతి మారక తప్పలేదు. గడ్డ లాగకుండా సగం మందిని వదిలేయడం ఇప్పుడు అన్యాయం. కాబట్టి పోటీ పాత పరికరంతోనే. మనిషి దగ్గరకు రాకముందు గాజు, సిలికోన్ గొట్టాలతో చేసిన నకిలీ ధమనుల్లో పరీక్షలుంటాయి. అందులో పెట్టడానికి గడ్డల్ని కూడా వండాలి. ఎర్రకణాలు ఎక్కువున్న గడ్డ మెత్తన, ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు ఎక్కువున్నది గట్టి, జిగట. ఒకదాన్ని అవలీలగా లాగిన వల రెండోదాని మీద జారిపోతుంది. ఐర్లండ్‌లోని గాల్వేలో రోగుల నుంచి తీసిన గడ్డల్ని పోగుచేసి ఈ తేడాల మీద పనిచేస్తున్నారు. తర్వాత పందులు. ఇక్కడొక తమాషా ఉంది. పంది మెదడుకు వెళ్లే దారిలో సన్నటి రక్తనాళాల గుబురు ఒకటి అడ్డుంటుంది, తీగ అందులోంచి దూరదు. కాబట్టి మెదడు పరికరాన్ని దాని నాలుకకో మెడకో వెళ్లే ధమనుల్లో పరీక్షిస్తారు.

మనుషుల్లో ఇప్పుడు చూసేది మొదటి లాగుడుకే ధమని పూర్తిగా తెరుచుకుందా అని. ప్రతి లాగుడుకూ నాళం గోడ ఒరుసుకుంటుంది, సమయం పోతుంది. వల మెరుగా, పీల్చే గొట్టం మెరుగా అన్న పంతం ఫ్రాన్స్‌లో 381 మందితో తేల్చారు: అన్ని లాగుళ్లూ అయ్యాక ధమని తెరుచుకున్నది వలతో 83.1 శాతం, గొట్టంతో 85.4, దాదాపు సమానం. మన దేశంలో సూపర్‌నోవా అనే స్టెంట్ రిట్రీవర్‌ను గ్రాస్‌రూట్ పేరుతో ఢిల్లీ ఎయిమ్స్ సహా పలు ఆస్పత్రుల్లో పరీక్షించారు, 2025లో అనుమతి వచ్చింది. అందులో పోలికకు రెండో జట్టు లేదు. మెర్సీ నాటి తీరే కదా అని ఎవరైనా అడగవచ్చు. తేడా ఉంది: ధమని తెరిస్తే మేలని ఈలోపు రుజువైంది కాబట్టి తెరుస్తోందా, హాని చేయకుండా తెరుస్తోందా అని అడిగితే ప్రస్తుతానికి సరిపోతుంది.

మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. కెనడా ఆస్పత్రిలో 51 నిమిషాల్లో జరిగే పని మన జిల్లా కేంద్రంలో ఎన్ని గంటలకు జరుగుతుంది? బ్రెజిల్ ఇదే అడిగింది. తమ ప్రభుత్వ ఆస్పత్రుల్లో, తమ అంబులెన్సులతో, తమ క్యూలతో పనిచేస్తుందా అని 221 మందితో రెసిలియంట్ ప్రయోగం చేసి 2020లో జవాబు చెప్పింది: 35.1 శాతానికి 20. ఇతర దేశాల్లో ఎన్నిసార్లు రుజువైనా ఆ ప్రయోగం చేయాల్సిందే, ఎందుకంటే పరీక్షించింది పరికరాన్ని ఒక్కదాన్నే కాదు, దానిదాకా రోగిని తెచ్చే వ్యవస్థని. పక్షవాతానికి పావురం నెత్తురు పూసే ఊళ్లు, ఆకుమందుకు బస్సెక్కించే ఇళ్లు మనకు కొత్త కాదు. అక్కడ పోయే గంటల్ని ఏ నిటినాల్ వలా వెనక్కి తేదు. స్కాన్‌లో బతికున్న మెదడు మిగిలి ఉందని తేలితే 24 గంటల దాకా కూడా గడ్డ తీయవచ్చని 2018లో డాన్ ప్రయోగం చూపించింది, 49 శాతానికి 13. ఆ వెసులుబాటు అలా మిగిలిన కొందరికే, ఆలస్యానికి అనుమతి పత్రం కాదు.

పెద్ద ధమనుల్లో గెలిచాక చూపు చిన్న కొమ్మల మీద పడింది. పరికరాలు సన్నబడ్డాయి, అక్కడిదాకా వెళ్తున్నాయి, గడ్డలూ వస్తున్నాయి. చాలాచోట్ల అప్పటికే చేసేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో డిస్టల్, ఎస్కేప్-మీవో అనే రెండు ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. రెండింట్లోనూ కలిపి వెయ్యి మందికి పైగా రోగులు. మేలు కనిపించలేదు. ఎస్కేప్-మీవోలో దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లు గడ్డ తీసిన జట్టులో 41.6 శాతం, తీయని జట్టులో 43.1. మరణాలు 13.3 శాతం, 8.4 శాతం. పరికరాలు ఇంకా మెరుగవ్వాలి, రోగుల్ని ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి, ఇంకా త్వరగా చేయాలి అంటున్నారు నిపుణులు. 2013లోనూ సరిగ్గా ఈ మూడు మాటలే అన్నారు, అప్పుడు అవి నిజమయ్యాయి. ఈసారి నిజమవుతాయో లేదో తేల్చాలంటే మళ్లీ రోగి బంధువు ఎదుట నిలబడి కంప్యూటర్ చీటీ సంగతి చెప్పే వైద్యులు కావాలి.